ట్యాంక్ పెద్దదైతే సీసం పెంచాలా, తగ్గించాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది వరంగల్, ఉద్యోగరీత్యా మ్యూనిక్‌లో ఉంటున్నాం. రెండేళ్ల కింద అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో నేనూ మా ఆవిడా స్కూబా డైవింగ్ మొదటి కోర్సు, ఓపెన్ వాటర్, చేశాం. ఇప్పటికి చెరో తొమ్మిది డైవ్‌లు అయ్యాయి, అన్నీ అక్కడే. అల్యూమినియం గాలి ట్యాంక్, 3 ఎంఎం మందం రబ్బరు సూట్‌తో, నీళ్లలో మునగడానికి నేను 6 కిలోల సీసం, తను 4 కిలోలు పెట్టుకునేవాళ్లం. వచ్చే నెల మాల్టా వెళ్తున్నాం. అక్కడ ఇచ్చేవి స్టీల్ ట్యాంకులట, సూట్ 5 ఎంఎం. నాకు గాలి త్వరగా అయిపోతుంది కాబట్టి 15 లీటర్లది తీసుకోమన్నారు, తనకు 12 లీటర్లది. "ట్యాంక్ పెద్దది కదా, ఇంకో రెండు కిలోలు కట్టుకో" అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఇంకొకతను తగ్గించమంటున్నాడు. నా బరువు 78 కిలోలు. కిందికి దిగలేనేమోనని ఒక టెన్షన్, రాయిలా మునిగిపోతానేమోనని ఇంకో టెన్షన్. ఎవరి మాట వినాలి?

సమాధానం: తగ్గించమన్న అతని మాట వినండి. ఎంత తగ్గించాలన్నది మాత్రం లెక్క వేసుకుని, నీళ్లలో చూసుకుని తేల్చుకోవాలి. 6 కిలోలకు ఇంకో రెండు కలిపి, పైన 15 లీటర్ల స్టీల్ ట్యాంక్‌తో దిగొద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

మీ ఫ్రెండ్ ఎక్కడ పొరబడ్డారంటే, ట్యాంక్ సైజు చూశారు, అది దేనితో చేసిందో చూడలేదు. మన ఊళ్లలో వ్యవసాయ బావుల్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టేవాళ్లు, గుర్తుందా? మీరు హావ్‌లాక్‌లో వాడిన అల్యూమినియం ట్యాంక్ డైవ్ చివరికొచ్చేసరికి అచ్చం అలాంటి డబ్బాయే. గాలి నిండుగా ఉన్నప్పుడు కాస్త మునుగుతుంది. గాలి అయిపోయే కొద్దీ మిమ్మల్ని పైకి లాగడం మొదలుపెడుతుంది. స్టీల్ ట్యాంక్ అలా కాదు, ఖాళీ అయినా మునిగే ఉంటుంది. అంటే మీరు నడుముకు కట్టుకోవాల్సిన సీసంలో కొంత ఆ ట్యాంకే మోస్తున్నట్టు.

స్కూల్లో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. మీరు వాడింది మామూలుగా డైవ్ సెంటర్లలో "ఎయిటీ" అనే ట్యాంక్. లోపల 11.1 లీటర్లు పడుతుంది. లోహం దాదాపు 14.2 కిలోలు, వాల్వ్‌తో కలిపి 15 కిలోలు అనుకోండి. అల్యూమినియం స్టీల్ అంత గట్టిది కాదు కాబట్టి గోడ మందంగా ఉండాలి. ఆ మందం కూడా కలిపితే బయటి కొలత 16.4 లీటర్లు అవుతుంది. అంత సముద్రపు నీటి బరువు 16.8 కిలోలు. ట్యాంక్ 15, నీళ్లు నెట్టేది దాదాపు 17. అంటే ఖాళీ ట్యాంక్ సుమారు రెండు కిలోల బలంతో పైకి లేస్తుంది. 200 బార్ల ఒత్తిడికి నింపితే లోపలి గాలి బరువే రెండున్నర కిలోల పైన ఉంటుంది, అందుకే మొదట్లో మునుగుతుంది. గాలికీ బరువుందని డైవింగ్‌లోకి వచ్చాకే నాకు నిజంగా అర్థమైంది. లీటరుకు గ్రామున్నర కూడా ఉండదు, కానీ రెండు వేల లీటర్లను ఒక డబ్బాలో కుక్కితే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు 12 లీటర్ల స్టీల్ ట్యాంక్. త్రాసు మీద పెడితే ఇదీ వాల్వ్‌తో కలిపి 15 కిలోల దగ్గరే తూగుతుంది. కానీ స్టీల్ గట్టిది, గోడ పలుచగా సరిపోతుంది. బయటి కొలత 14 లీటర్ల లోపే. నీళ్లు దాన్ని 14 కిలోల చిల్లర బలంతోనే నెడతాయి. కాబట్టి ఖాళీగా ఉన్నా అర కిలో నుంచి కిలో, కిలోంబావు దాకా మునుగుతుంది. చేతితో ఎత్తితే రెండూ ఒకే బరువు, నీళ్లలో మాత్రం రెండిటికీ మధ్య రెండున్నర, మూడు కిలోల తేడా. 15 లీటర్ల స్టీల్‌దీ ఇంచుమించు ఇదే కథ. ఎత్తితే నడుము పట్టేస్తుంది గానీ, ఖాళీ అయ్యాక నీళ్లలో 12 లీటర్లదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

అక్కడికెళ్లాక ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. యూరప్ ట్యాంకుల భుజం మీద, వాల్వ్ కింద గుండ్రంగా, అంకెలు గుద్ది ఉంటాయి. లోపల ఎన్ని లీటర్లు పడుతుందో, వాల్వ్ లేకుండా ఖాళీ బరువు ఎంతో అందులో ఉంటుంది. ఉదాహరణకు 12 లీటర్లు, 14 కిలోలు అని ఉందనుకోండి. 14ని స్టీల్ సాంద్రత 7.8తో భాగిస్తే 1.8 వస్తుంది, అది స్టీల్ ఆక్రమించే చోటు. 12కి అది కలిపితే 13.8 లీటర్లు. సముద్రపు నీరు కాబట్టి 1.025తో గుణించండి, 14.15 కిలోలు. ట్యాంక్ బరువు 14, వాల్వ్ ముప్పావు కిలో. తేడా అర కిలో పైన, మునిగే వైపు. సబ్బు నురగతో తడిసిన వేలితో ఆ అంకెలు తుడిచి చదువుకోవడం నాకు ఇప్పటికీ అలవాటు. ఒకే డైవ్ సెంటర్లో రెండు కంపెనీల ట్యాంకులు ఉంటే కిలో దాకా తేడా రావచ్చు, అందుకని "స్టీల్ కదా" అని ఒకే అంకె పట్టుకుని కూర్చోకూడదు.

ఇక మీ లెక్క. హావ్‌లాక్‌లో 6. ట్యాంక్ మారినందుకు రెండున్నర నుంచి మూడు కిలోలు తీసేయండి. సూట్ మందం పెరిగితే ఇంకా తేలుతుంది, అందుకు కలపాలి. మీ ఒళ్లు చూస్తే 3 ఎంఎం నుంచి 5 ఎంఎంకి కిలోన్నర నుంచి రెండు కిలోలు పడుతుంది, కొత్త సూట్ అయితే రెండు కిలోల వైపుకే మొగ్గండి. ఉప్పు సంగతి కూడా కొంచెం ఉంది, ఉప్పు ఎక్కువైన కొద్దీ నీళ్లు మనల్ని ఎక్కువగా పైకి నెడతాయి. అండమాన్ సముద్రంలోకి ఐరావతి లాంటి పెద్ద నదుల నీళ్లు వచ్చి కలుస్తాయి, అక్కడ ఉప్పు తక్కువ. మధ్యధరా సముద్రంలో ఆవిరయ్యేది ఎక్కువ, వచ్చి కలిసే నది నీళ్లు తక్కువ, ఉప్పు ఎక్కువ. మీరూ మీ సామానూ కలిపి వంద కిలోలు అనుకుంటే ఆ ఉప్పుకు ఓ నాలుగైదు వందల గ్రాములు. అన్నీ కలిపితే ఐదు, ఐదున్నర కిలోల దగ్గర తేలుతుంది. మీ ఆవిడకు 4లోంచి ట్యాంక్‌కు రెండున్నర తీసి, సూట్‌కు కిలోన్నర కలిపి, ఉప్పుకు కాస్త చేరిస్తే మూడు, మూడున్నర. ఇది మొదలుపెట్టడానికి అంకె మాత్రమే, ఖరారు నీళ్లలోనే.

ఖరారు చేసే ముందు ఒక మాట అడగాలి. హావ్‌లాక్‌లో మీకు 6 కిలోలు నిజంగా అవసరమయ్యాయా? కోర్సులో మోకాళ్ల మీద కూర్చోబెట్టి మాస్క్ తీయించడం, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ వదిలి పట్టుకోవడం లాంటివి చేయిస్తారు. స్టూడెంట్ కదలకుండా అడుగున కుదురుగా ఉండాలని చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు కిలో, రెండు కిలోలు ఎక్కువే కడతారు. ఆ అంకె లాగ్‌బుక్‌లోకి ఎక్కి, తర్వాత జీవితాంతం మనతో వచ్చేస్తుంది. గుర్తు చేసుకోండి. చివర్లో ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగేటప్పుడు, ట్యాంక్‌లో 50, 60 బార్లు ఉన్నప్పుడు, బీసీడీలో, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో, గాలి ఉంచుకోవాల్సి వచ్చిందా? ఉంచుకున్నారంటే మీ దగ్గర సీసం ఎక్కువైనట్టే. అప్పుడు పైన చెప్పిన ఐదున్నర కాస్తా నాలుగున్నర అవుతుంది.

గాలి త్వరగా అయిపోతుందన్నారు కదా, నాకు అక్కడే అనుమానం. తొమ్మిది డైవ్‌ల మనిషికి గాలి త్వరగా అయిపోవడం మామూలే, అందులో తప్పేం లేదు. కానీ సీసం ఎక్కువైతే బీసీడీలో గాలి నింపాలి, నింపితే పై భాగం తేలి కాళ్లు కిందికి వాలుతాయి, వాలిన కాళ్లతో ఏటవాలుగా ఈదుతుంటే ప్రతి తన్నుకూ మనిషి కాస్త పైకి లేస్తాడు, దాన్ని ఆపడానికి మళ్లీ బరువు కావాలనిపిస్తుంది. ఈ గొడవంతా ఊపిరి మీదే పడుతుంది. రెండు కిలోలు తీసేసి, ఒళ్లు అడ్డంగా పడుకోబెట్టాక, అదే ట్యాంక్‌తో పది నిమిషాలు ఎక్కువ ఉన్నవాళ్లను నేను చూశాను. కాబట్టి మొదటి రోజు మీరు కూడా 12 లీటర్లదే తీసుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం. 200 బార్ల దగ్గర దానిలో 2400 లీటర్లు ఉంటాయి, మీ పాత ట్యాంక్‌లో 2200. అదే కొంచెం ఎక్కువ. ఇంకో సంగతి, మాల్టాలో చాలా డైవ్‌లు ఒడ్డు నుంచి మొదలవుతాయి. గోజో దీవిలో బ్లూ హోల్‌కి ఎగుడుదిగుడు రాళ్ల మీద, మెట్ల మీద నడిచి వెళ్లాలి. గాలి నిండిన 15 లీటర్ల స్టీల్ ట్యాంక్ ఇరవై కిలోల పైనే ఉంటుంది. వీపు మీద అది, నడుముకు సీసం, ఎండలో 5 ఎంఎం సూట్. నీళ్లలో దిగకముందే అలసిపోతే ఆ రోజు ఊపిరి లెక్క మొత్తం పాడవుతుంది.

ఫ్రెండ్ చెప్పినట్టు 8 కిలోలతో దిగితే ఏమవుతుందో కూడా చెప్తాను. చివర్లోనే మీరు మూడు కిలోలు అదనంగా బరువుంటారు. మొదట్లో అయితే వాడబోయే గాలి బరువు కూడా ఉంటుంది కాబట్టి, 15 లీటర్లకు ఇంకో రెండున్నర కిలోల పైమాటే. మొత్తం ఆరు కిలోల దాకా బీసీడీతో మోయించాలి, అంటే ఆరు లీటర్ల గాలి. పది మీటర్ల దగ్గర ఆరు లీటర్లున్న గాలి ఐదు మీటర్లకు వచ్చేసరికి ఎనిమిది లీటర్లు అవుతుంది. మీరేమీ చేయకుండానే రెండు కిలోల లిఫ్ట్. కొత్తవాళ్లు పైకి దూసుకుపోయేది తేలికగా ఉండి మాత్రమే కాదు, ఎక్కువ బరువు కట్టుకుని దాన్ని గాలితో మోస్తూ కూడా.

తేలికగా ఉండటం ఎలా ఉంటుందో నాకు స్వయంగా తెలుసు. రెండు శీతాకాలాలు ఒమన్‌లో స్టీల్ ట్యాంకులతోనే డైవ్ చేసి, తర్వాత హావ్‌లాక్ వచ్చాను. బోటు మీద నా బెల్ట్ నేనే కట్టుకున్నాను. చేతులు అలవాటు కొద్దీ అక్కడి అంకెకే సీసం ఎక్కించాయి, వీపు మీదున్నది అల్యూమినియం అని ఆలోచించలేదు. డైవ్ మొత్తం చక్కగా సాగింది. నిండు ట్యాంక్ మునుగుతుంది కదా, తేడా తెలియదు. ఐదు మీటర్ల దగ్గర ఆగాం, గేజ్ 60 బార్లు చూపిస్తోంది. మొదటి నిమిషం బాగానే ఉంది. రెండో నిమిషంలో వీపు వెనక ట్యాంక్ అడుగు భాగం మెల్లగా పైకి లేవడం తెలిసింది, ఎవరో మడమలు పట్టుకుని ఎత్తుతున్నట్టు. బీసీడీ గొట్టం ఎత్తి నొక్కాను, ఒక్క బుడగ కూడా రాలేదు. తల కిందికి పెట్టి కాళ్లకున్న ఫిన్స్ కొట్టడం మొదలుపెట్టాను. ఊపిరి మొత్తం వదిలితే కాస్త దిగుతున్నాను, పీల్చగానే లేస్తున్నాను. గుండె దడదడలాడుతోంది, దాంతో ఇంకా లోతుగా పీల్చాలనిపిస్తోంది, పీలిస్తే ఇంకా లేస్తాను. నా బడ్డీ, అంటే నాకు జోడీగా దిగిన డైవర్, చూసి, నా భుజం పట్టీ పట్టుకుని, తన బీసీడీ ఖాళీ చేసుకుని నన్ను కిందికి ఆనించి ఉంచాడు. ఆ మిగిలిన నిమిషమంతా అతని మాస్క్‌లోకే చూస్తూ ఉండిపోయాను.

ఆ ఐదు మీటర్లే అసలు ప్రమాదం. అక్కడి నుంచి ఉపరితలానికి వచ్చేలోపు ఒత్తిడి మూడో వంతు తగ్గిపోతుంది, ఊపిరితిత్తుల్లో గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది. భయంతో ఊపిరి బిగబట్టిన మనిషి ఆ దూరం దూసుకొస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే మీకు ఇప్పుడు చెబుతున్న దానికంటే, మాల్టా నుంచి తిరిగి అండమాన్ వెళ్లినప్పుడు ఇదే లెక్క తిరగేయడం ఇంకా ముఖ్యం. అల్యూమినియం నుంచి స్టీల్‌కి మారి మర్చిపోతే బరువెక్కుతారు, మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. స్టీల్ నుంచి అల్యూమినియంకి మారి మర్చిపోతే చివరి దాకా తెలియదు.

నీళ్లలో చూసుకునే పద్ధతి ఇది. మొదటి డైవ్ పది, పన్నెండు మీటర్లకు మించకుండా పెట్టుకోండి. ఐదున్నరతో దిగండి, గైడ్‌ను ఒక కిలో, రెండు కిలోల సీసం అదనంగా తెచ్చుకోమని ముందే అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఎనిమిది నెలలు గ్యాప్ ఇచ్చి వచ్చిన పాత డైవర్లు కూడా అడుగుతారు. డైవ్ చివర్లో 50 బార్ల దగ్గర ఐదు మీటర్లలో బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, కాళ్లు కదపకుండా ఆగి చూడండి. పీలిస్తే కొంచెం లేచి, వదిలితే కొంచెం దిగి, మొత్తం మీద అక్కడే ఉన్నారంటే సరిపోయింది. మెల్లగా కిందికి జారుతుంటే మరుసటి డైవ్‌కు కిలో తీసేయండి. లేస్తుంటే గైడ్ దగ్గర కిలో తీసుకుని జేబులో వేసుకోండి. పైకొచ్చాక ఇంకోసారి చూడండి. నిటారుగా ఉండి, బీసీడీ ఖాళీ చేసి, మామూలు ఊపిరి పీల్చి పట్టుకుంటే నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, వదిలితే మెల్లగా మునగాలి.

ఈ పరీక్షలో అందరినీ మోసం చేసేవి కాళ్లు. మనకు తెలియకుండానే ఫిన్స్ ఆడిస్తూ ఉంటాం, తేలుతున్నామని అనుకుంటాం. చీలమండలు ఒకదాని మీద ఒకటి వేసుకుని చూడండి, అప్పుడే నిజం తెలుస్తుంది. రెండోది ఊపిరి. టెన్షన్‌గా ఉన్న మనిషి ఛాతీ సగం నింపుకునే ఉంటాడు, మొత్తం వదలడు. ఆ లోపల దాచుకున్న రెండు లీటర్లు రెండు కిలోల సీసంతో సమానం. మొదటి డైవ్‌లో "దిగలేకపోతున్నాను" అని సైగ చేసేవాళ్లలో ఎక్కువమందికి సీసం చాలక కాదు. ముఖం నీళ్లలో పెట్టి, నిదానంగా, పూర్తిగా, ఖాళీ అయ్యేదాకా ఊపిరి వదలండి. మొదటి రెండు మీటర్లు దిగాక సూట్ నొక్కుకుని మిగతాది దానంతటదే జరుగుతుంది. కొత్త సూట్ అయితే మెడ దగ్గర కాస్త లాగి నీళ్లు లోపలికి పోనివ్వండి, లోపల ఇరుక్కున్న గాలి బయటికి వస్తుంది.

సీసం ఎక్కడ పెడుతున్నారన్నది కూడా స్టీల్‌తో మారుతుంది. కాళ్లు కిందికి లాగుతున్నాయనిపిస్తే ట్యాంక్ పట్టీని రెండు వేళ్లు కిందికి దించండి, ట్యాంక్ తల వైపు జరుగుతుంది. అలా పైకి జరిపేటప్పుడు వాల్వ్ తలకు తగలకుండా చూసుకోండి. మిగిలిన సీసంలో ఒక కిలో పై పట్టీ జేబులోకి మార్చినా సర్దుకుంటుంది. బెల్ట్‌లో మాత్రం ఒక్క లాగుతో వదిలేసేంత సీసం ఎప్పుడూ ఉంచుకోండి. స్టీల్ ట్యాంక్‌ను నీళ్లలో వదిలేయలేం, బెల్ట్‌ను వదిలేయొచ్చు. నిండు ట్యాంక్‌తో, అడుగున, బీసీడీలో గాలి లేకుండా కాళ్లతో ఈది పైకి లేవగలుగుతున్నారా అన్నది గైడ్ పక్కన ఉండగా ఒకసారి చూసుకుంటే మీ రాయి భయం పోతుంది.

మీ ఆవిడకు కూడా ఈ పరీక్ష విడిగా చేయించండి, మీ అంకెలోంచి లెక్క కట్టొద్దు. చాలా జంటలు భర్త సీసంలో సగం అని పెట్టేస్తుంటారు. ఒంటి కొవ్వు, సూట్ బిగువు, ఊపిరి అలవాటు మనిషికో రకం. తన 4 కిలోలు కూడా హావ్‌లాక్‌లో ఎక్కువైనవే అయి ఉండొచ్చు.

లాగ్‌బుక్‌లో ఉత్తి "సీసం 5 కిలోలు" అని రాయకండి. స్టీల్ 12 లీటర్లు, ట్యాంక్ మీద గుద్దిన బరువు, 5 ఎంఎం సూట్, సముద్రం పేరు, చివర్లో ఎన్ని బార్ల దగ్గర ఐదు మీటర్లలో ఎలా నిలబడ్డారో, ఇవన్నీ ఒక వరుసలో రాసుకోండి. వచ్చే ఏడాది హావ్‌లాక్ బోటు మీద బెల్ట్ చేతిలో పట్టుకున్నప్పుడు ఆ పేజీ తీసి, ట్యాంక్ కోసం మూడు కిలోలు మళ్లీ కలుపుకుని, సూట్ కోసం రెండు తీసేసి కట్టుకోండి.